జెయింట్ వీల్‌లో మొదటి తొట్టి

ఆ రోజుల్లో మా మామ మనిషి యోగ్యతను ఒకే ఒక్క కొలతతో కొలిచేవాడు. వాడు ఎంత ముందు వస్తాడు అన్నదే ఆ కొలత. చదువు, ఆస్తి, గుణం అన్నీ ఆ తర్వాత సంగతులు. ఆదోని పత్తి యార్డులో కమీషన్ మండీ నడిపేవాడికి అంతకంటే పెద్ద వేదాంతం అక్కర్లేదు. ముందు దిగిన పత్తికి ముందు కాటా. వెనకొచ్చినవాడు ఎండలో తన కుప్ప మీద తానే కూర్చుని, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ చూస్తూ ఉండాలి. ఈ యార్డు ధర్మాన్ని మామ లోకం మొత్తానికీ వర్తింపజేశాడు. మేము పెళ్ళికి పోయేసరికి పెళ్ళివాళ్ళు ఇంకా నిద్ర లేచి ఉండేవాళ్ళు కారు. పందిరి వేసేవాళ్ళకు గుంజలు అందించి, వంటవాళ్ళ దగ్గర కాఫీ తాగి, పెళ్ళికొడుకు ముఖం కడుక్కుంటుంటే పలకరించి వచ్చేవాళ్ళం. ఒకసారి తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి పోయి, ఇంటివాళ్ళ కంటే ముందు మేమే ప్రవేశించేశాం (ఆవు కూడా అప్పటికి రాలేదు).

మా వైపు బస్సు మర్యాద తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్టాండులోకి వస్తున్న బస్సు ఇంకా ఆగకముందే మేము కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. తువ్వాలు పడిన సీటు తువ్వాలు వేసినవాడిది. తోసుకుని ముందుగా ఎక్కినవాడైనా సరే, ఆ తువ్వాలును చూసి ఒక నిట్టూర్పు విడిచి ముందుకు జరగాల్సిందే. దీన్ని ఎవరూ రాసి పెట్టలేదు, ఏ పోలీసూ వచ్చి అమలు చేయడు, అయినా దీన్ని దాటినవాణ్ణి నేను చూడలేదు. తువ్వాలు లేకపోతే సంచి, సంచి లేకపోతే చేతిలో ఏది ఉంటే అది. మామ ఒకసారి తొందరలో తన ఎడమకాలి చెప్పు విసిరాడు. సీటు దక్కింది, పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు కాబట్టి రెండు సీట్లూ దక్కాయి.

అమ్మానాన్న మద్దికెర దగ్గర సేద్యంలో ఉంటే, నేను మామ ఇంట్లో తిని మామ మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, దువ్వెన జేబులో ఉండే వయసు. అప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోటోలో ఆ అమ్మాయి పెదవులు బిగించి నవ్వును లోపలే దాచుకున్నట్లు ఉంది. ఆ నవ్వు ఎప్పుడు బయటికి వస్తుందో చూడాలని నాకు అన్నం సయించలేదు. యార్డులో పత్తి కుప్పలు దించేటప్పుడు దూది నూగు ఎండలో తేలుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ నిలబడి, కాటా పిలుపులు కూడా వినిపించుకోకుండా, ఆ అమ్మాయితో మాటలాడుకునేవాణ్ణి. రెండు వైపుల మాటలూ నేనే ఆడేవాణ్ణి కాబట్టి మా ఇద్దరికీ ఎక్కడా పేచీ రాలేదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఒక్కదానితో సరిపెట్టాడు, ఆ ఒక్కటీ నా మెడకు చుట్టుకుంది. "పిల్లోనికి భయమంటే ఏమో తెలీదమ్మా, పులి అనుకోండి" అని ఎమ్మిగనూరులో చెప్పి వచ్చాడట. అసలు సంగతి ఏమిటంటే, నాకు ఎత్తు అంటే ప్రాణం మీదికి వస్తుంది. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు తెమ్మంటే కడుపునొప్పి అని పడుకునే రకాన్ని. మండీలో పత్తి బోరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే, వాటి పైకి ఎక్కి లెక్క చూడాల్సిన పనిని కింది నుంచే మెడ చాచి ముగించేవాణ్ణి. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా బతకడం నాకు ఒక విద్యలా అబ్బింది.

అమ్మాయి ఒక షరతు పెట్టింది. నలుగురి మధ్యలో తల వంచుకుని బొమ్మలాగా కూర్చోనంది. వాళ్ళ అన్న బెంగళూరు అవతల ఒక పెద్ద థీమ్ పార్కులో పని చేస్తాడు, సెలవులకు ఆమె అక్కడే ఉంది. అందరూ అక్కడే, సరదాగా కలిసినట్లు, మధ్యాహ్నం భోజనాల వేళకు కలుద్దామని కబురు వచ్చింది. నేను తేలిగ్గా ఉన్నట్లు నటిస్తూ, ఆ పార్కులో ఏముంటాయి అని పెద్దమనిషిని అడిగాను. "ఏముంటాయప్పా, మేఘాల్ని తాకే జెయింట్ వీల్ ఉండాదంట. నీయట్లా మొగోడు దాని మీద కూసుంటే సూడాల" అన్నాడు ఆయన. ఆ రాత్రి నుంచి నా కలల్లో కూడా ఆ చక్రమే తిరగడం మొదలుపెట్టింది. అమ్మాయి ముందు దాన్ని ఎక్కకపోతే పులి కాస్తా పిల్లి అవుతుంది, ఎక్కి అరిస్తే అంతకంటే అధ్వానం. సంబంధం నిలవాలంటే ఒకటే దారి కనిపించింది. వాళ్ళు రాకముందే పోయి, ఎవరూ చూడకుండా ఎక్కి, భయాన్ని ముందుగానే ఖర్చు పెట్టేసుకోవాలి. "మామా, మనం కొంచెం ముందే పోదాం" అన్నాను. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళకి నా దారికి వచ్చినావు అల్లుడూ. పొద్దు పొడిసేపాటికి ఆడుండాల" అని వీపు తట్టాడు.

రైలు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ పార్కు గేటు ముందు దిగేసరికి నిజంగానే ఇంకా పొద్దు పొడవలేదు. మంచు నేలకు ఆనుకుని ఉంది. ప్రహరీ గోడకు అవతల జెయింట్ వీల్ సగం మంచులో, సగం ఆకాశంలో నిలబడి ఉంది. తిరగకుండా, దీపాలు లేకుండా, ఎవరో అక్కడ వదిలేసి మరిచిపోయినట్లు. ఎక్కడో ఒక గొట్టంలోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మా ఆదోనిలో ఆ వేళకు జిన్నింగ్ మిల్లుల రొద వినబడుతుంది, ఇక్కడ ఆ నిశ్శబ్దం చెవులకు కొత్తగా ఉంది. నాకు భయం వేయాలి కదా, వేయలేదు. ఆ చక్రం ఎన్నేళ్ళ నుంచో నాకోసమే ఆగి ఉందనీ, అమ్మాయి ఆ పై తొట్టిలో కూర్చుని కిందికి చూస్తోందనీ ఏవేవో అనిపించాయి. (ఖాళీ కడుపున తెల్లవారుజామున ఎవరికైనా ఇలాంటివే అనిపిస్తాయని తర్వాత తెలిసింది.) గేటు తెరవడానికి ఇంకా శానా పొద్దు ఉందని వాచ్‌మన్ కన్నడంలో నవ్వుతూ చెప్పాడు. మామ బాధపడలేదు. టికెట్ కిటికీ ముందు తన తువ్వాలు పరిచి, దాని వెనక నా చెప్పులు, వాటి వెనక తన చెప్పులు వరుసగా పెట్టి, "మన వరస ఇంగ ఎవుడూ కదిలించలేడు" అన్నాడు. మేము గడ్డి మీద కూర్చుని, అత్త కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని, చల్లారిన బజ్జీలు తిన్నాం. కాళ్ళకు మంచు తగులుతుంటే హాయిగా ఉంది.

ఎండ ఎక్కాక బస్సుల్లో, కార్లలో జనం వచ్చారు. వాళ్ళు మా తువ్వాలును చూశారు, దాని పక్కన నిలబడ్డారు. కొంతమంది దాన్ని దాటుకుని ముందుకు పోయారు. ఒక కాలేజీ కుర్రాడు నా చెప్పును కాలితో పక్కకు నెట్టి ఆ చోట నిలబడి ఫోన్ చూసుకోసాగాడు. మామ ఆ దృశ్యాన్ని నమ్మలేకపోయాడు. "ఏమప్పా, తువ్వాలు కనపడ్లేదా?" అంటే అతను తువ్వాలును మడిచి ఎంతో మర్యాదగా మామ చేతికిచ్చాడు, ఎవరిదో జారిపడిందనుకుని. "ధర్మం లేని ఊరు అల్లుడూ" అని మామ చాలాసేపు గొణిగాడు. అయినా గేటు తెరవగానే ఆ జనమంతా నీళ్ళ ఆటల వైపు పరుగెత్తారు. మేము మాత్రం వట్టి కాళ్ళతో, చెప్పులు చేత పట్టుకుని, ఖాళీ దారుల వెంట జెయింట్ వీల్ దగ్గరికి పరుగెత్తాం.

అక్కడ ఎక్కేవాడు ఒక్కడూ లేడు. ఆపరేటర్ కుర్రాడు తొట్లు తుడుస్తున్నాడు. చక్రం నిండా తొట్లు, అన్నీ ఖాళీయే. అయినా మామకు ఆగలేదు. కింద ఆగి ఉన్న మొదటి తొట్టిలోకి దూరం నుంచే తువ్వాలు విసిరాడు. సరిగ్గా అదే క్షణంలో అవతలి వైపు నుంచి ఒక గుడ్డసంచి వచ్చి అదే తొట్టిలో పడింది. సంచి వెనకాలే, పరుగులాంటి నడకతో, ముదురు నీలం చేనేత చీర కట్టిన ఒక అవ్వ వచ్చింది.

"ఇది మా తొట్టి అవ్వా, తువ్వాలేసినాం సూడు" అన్నాడు మామ.

"నువ్వు యేసేటప్పటికే నా సంచి పడె గదప్పా! తువ్వాలు సంచి మీద ఉండాదా, సంచి తువ్వాలు మీద ఉండాదా, వంగి సూడు."

ఇద్దరూ వంగి చూశారు. ఆపరేటర్ కూడా ఏదో ప్రమాదం జరిగిందనుకుని వచ్చి వంగి చూశాడు. తువ్వాలు సగం సంచి కింద ఉంది, సగం సంచి మీద ఉంది. అన్ని తొట్లూ ఖాళీగానే ఉన్నాయి కదా అని అతను చేతులు చాచి చూపించాడు. వాళ్ళిద్దరూ అతనివైపు జాలిగా చూశారు. చివరికి మా బస్సుల్లో లాగానే తీర్పు అయ్యింది. ఒక పక్క అవ్వ, ఒక పక్క నేను. "ఈ ఊరోళ్ళయితే సంచి తీసి కింద పెట్టి కూసునేవాళ్ళు. నువ్వు కొట్లాటకొచ్చినావు సూడు, అప్పుడే అనుకున్నా మనోళ్ళేనని" అంది అవ్వ సంతోషంగా. మామ నన్ను తొట్టిలోకి తోసి, "ఎక్కు అల్లుడూ, బోణీ నీదే! నేను పోయి క్యాంటీన్లో మధ్యాన్నానికి టేబుల్ మీద తువ్వాలేసి వస్తా" అని వెళ్ళిపోయాడు.

తొట్టి కదిలింది. నేల నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, నన్ను వదిలేసి కిందికి పోయింది. నా నోట్లోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. ముందు ఇనుప కడ్డీని పట్టుకున్నాను, తర్వాత అవ్వ చెయ్యి పట్టుకున్నాను, ఆ తర్వాత అవ్వనే పట్టుకున్నాను.

"ఏమాయె నాయనా?"

"భయమైతాండాది అవ్వా!"

"మల్ల ఏమిటికి ఎక్కినావు?"

భయం మనిషి నోటి తాళాలన్నీ తీసేస్తుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎమ్మిగనూరు సంబంధం గురించి, పులి గురించి, మిద్దె మీది మిరపకాయల గురించి, మధ్యాహ్నానికి అమ్మాయి వస్తుందనీ, ఆలోపల ధైర్యం నేర్చుకోవాలనీ, ఆ అమ్మాయి కాదంటే నేను యార్డులో తలెత్తుకు తిరగలేననీ మొత్తం చెప్పేశాను. అవ్వ అంతా విని, చివరికి నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"ఓయమ్మా, ఆ పిల్లోనివి నువ్వేనా! అది మా మనవరాలే నాయనా. మనవడు డ్యూటీకి వస్తాంటే వానెంబడి నేను ముందే వచ్చేసినా."

అప్పుడే చక్రం ఆగింది. మా తొట్టి అన్నింటికంటే పైన ఉంది. నాకు అక్కడి నుంచి దూకి పారిపోదామనిపించింది, కానీ అంత ఎత్తు నుంచి దూకాలంటే భయం వేసింది. అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వి నవ్వి, నా చేతి మీద చెయ్యి వేసి, "కింద సూడాకు. ఆ సెట్ల అవతల సూడు, దూరంగా" అంది. చూశాను. మంచు ఎప్పుడో విడిపోయింది. నీలగిరి చెట్ల తలలు, వాటి అవతల ఒక చెరువు, చెరువు మీద ఎండ ముక్కలు ముక్కలుగా పడి ఉంది. గాలికి తొట్టి మెల్లగా ఊగుతోంది. చిన్నప్పుడు చీర ఉయ్యాలలో పడుకుని ఇల్లంతా అటూ ఇటూ కదలడం చూసినప్పటి సంగతి ఎందుకో గుర్తుకొచ్చింది.

"మా ఆయన పోయినంక గుంత మగ్గంలో నేనే దిగినా నాయనా" అంది అవ్వ, నాతోనో చెరువుతోనో. "కాళ్ళు గుంతలో, కండ్లు నూలు మీద. పొద్దున దిగితే మాపటికి లేసేది. నడుం కాడికి భూమిలోనే బతికినా. ఒగసారి పైకి పోయి సూడాలని శానా దినాల కోరిక. మా పిల్ల సూస్తే ఎక్కనీదు, అందుకే ఎవురూ రాకముందే వచ్చినా."

ఆమె ముఖం అప్పుడు ఎలా ఉందంటే, నేను భయపడడం మరిచిపోయి చూశాను. తర్వాత తేరుకుని, తేలు కుట్టిన దొంగలా, "అవ్వా, నేను అరిసినానని ఎవురికీ సెప్పాకు. ఒట్టెయ్యి" అన్నాను. "నేను ఎక్కినానని నువ్వు సెప్పాకు మల్ల. ఒట్టు" అంది. చేతిలో చెయ్యి వేసుకున్నాం. కింద వేరే జనం లేరు కాబట్టి తొందర లేదు. తొట్టి కిందికి వచ్చినప్పుడల్లా అవ్వ ఆపరేటర్‌తో "ఇంగో సుట్టు తిప్పు నాయనా!" అని కేకేసేది. అతను నవ్వుతూ తిప్పేవాడు. తిరిగేకొద్దీ నా ఒక చెయ్యి కడ్డీని వదిలింది, కాసేపటికి రెండోది కూడా వదిలింది. ముందు రావడం వల్ల లాభం ఇదే కాబోలనుకున్నాను. మామ మీద జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. ఫోటోలో కంటే బాగుంది. నవ్వు మాత్రం ఇంకా లోపలే ఉంది. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్లోడేనా? బాగుండాడు" అంది. ఆ నటనకు నేనే ఆశ్చర్యపోయాను. అవ్వను చూడగానే "అరె, మీరు పొద్దున..." అని మామ నోరు తెరిచాడు. నేను ఆయన బొటనవేలు తొక్కాను. ఆయన ఆ మాటను దగ్గుగా మార్చుకున్నాడు. భోజనాలయ్యాక అందరం జెయింట్ వీల్ దగ్గరికి చేరాం. అమ్మాయి దాన్ని ఒకసారి తలెత్తి చూసి, వెంటనే తల దించి, పక్కనున్న సిమెంటు బెంచీ మీద అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మీరు దాంట్లో ఎక్కుతారా?" అని మెల్లగా అడిగింది.

"ఎన్నిసార్లయినా!" అన్నాను.

నేనొక్కణ్ణే ఎక్కాను. పైకి పోయాక రెండు చేతులూ వదిలేసి, దూరంగా చెరువు వైపు చూసి, ఈల కూడా వేశాను. తొట్టి కిందికి వచ్చినప్పుడు "రా, ఏం కాదు!" అని ఆమెకు చెయ్యి ఊపాను. ఆమె సంచుల మీంచి తల అడ్డంగా ఊపింది. మగవాడి ధైర్యం చూసి సిగ్గుపడుతోందనుకున్నాను. (ఆ వయసులో మనకు ఏది కనిపించినా మన గొప్పగానే కనిపిస్తుంది.) దిగి, జుట్టు సర్దుకుంటూ వచ్చాను.

"మీకు అసలు భయమే వేయదా?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. కళ్ళెత్తి నా ముఖంలోకి చూసిన క్షణం ఆ రోజంతటిలో అదొక్కటే.

"భయమా? అదెట్లుంటాది?" అన్నాను.

అవ్వ దగ్గింది. మళ్ళీ ఇంకాస్త గట్టిగా దగ్గింది. అమ్మాయి తల దించుకుని ఒళ్ళోని సంచి పిడిని మెలి తిప్పుతూ ఉండిపోయింది.

వారం తిరగకుండానే కబురు వచ్చింది. "పిల్ల వద్దనిందప్పా. ఏమిటికో సెప్పల్యా" అన్నాడు పెద్దమనిషి. నేను ఏడవలేదని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, ఏడ్చాను. దూది నూగు కంట్లో పడిందని హమాలీలకు చెప్పాను. చాలా రోజులు ఎండలో ఆ నూగు తేలుతుంటే చూడబుద్ధి కాలేదు. అన్నీ సక్రమంగా చేసినవాడికి ఇట్లా ఎందుకవుతుందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

కొన్ని నెలల తర్వాత మండీ పని మీద ఎమ్మిగనూరు పోయినప్పుడు బస్టాండులో అవ్వ కనిపించింది. నన్ను చూసి గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని నీడకు తీసుకుపోయింది.

"నేనేం తప్పు చేసినా అవ్వా?" అన్నాను.

"తప్పు గాదు నాయనా. మా పిల్లకి మిద్దె మెట్లెక్కాలన్నా కాళ్ళు వణుకుతాయి. సిన్నప్పట్నుంచీ అంతే. ఆ పొద్దు ఇంటికొచ్చి ఏమనిందో తెలుసా? 'మనిషి మంచోడే అవ్వా, కానీ భయమంటే తెలీనోడు. నేను భయపడితే నవ్వుతాడు. నాకు వద్దు' అనింది."

"మల్ల నువ్వు సెప్పొచ్చు గదా, నేను ఎట్ల అరిసినానో!"

"నువ్వే గదా ఒట్టేయించుకుంటివి. నాలిక కొస దాకా వచ్చింది నాయనా. ఎన్నిసార్లు దగ్గినా నీకు తెలీకపాయె." అవ్వ కళ్ళు తుడుచుకుంది. "గూడూరులో సంబంధం ఖాయమాయె. పిల్లోడు అంగడి పెట్టుకోనుండాడు. ఇంట్లో బల్బు మార్సాలంటే కుర్సీ ఎక్కలేక పక్కింటోన్ని పిలుస్తాడంట. ఆ మాట ఇన్నంకనే మా పిల్ల నవ్వింది. సరే అనింది."

ఆ నవ్వు కోసమే కదా నేను అన్నం మానేసింది. ఇంటికి పోయి మామకు అంతా చెప్పాను. అందరితోపాటు మధ్యాహ్నమే పోయి ఉంటే, ఆ చక్రాన్ని చూడగానే నా కాళ్ళు వణికేవి. ఆ అమ్మాయి జరిగి బెంచీ మీద చోటు ఇచ్చేది, ఇద్దరం సంచులు పంచుకుని కూర్చునేవాళ్ళం, అంతటితో పెళ్ళి కుదిరిపోయేది అన్నాను. మామ చాలాసేపు ఆలోచించాడు. "నువ్వు సెప్పేది నిజమే అల్లుడూ. మనం ముందు రోజే పోయుండాల్సింది" అన్నాడు.

తర్వాత నాకు పెళ్ళయింది. మా ఆవిడకు నిజంగానే భయమంటే తెలియదు. ఎగ్జిబిషన్‌కి పోయినా, పార్కుకి పోయినా, పిల్లల్ని వెంటేసుకుని కనిపించినదల్లా ఎక్కేస్తుంది. ఆ చక్రం మీద నేర్చుకున్న ధైర్యం నన్ను ఎప్పుడో వదిలిపోయింది, దాన్ని మళ్ళీ వెతుక్కోవాలని నాకు అనిపించలేదు. అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని కింద బెంచీ మీద కూర్చుంటాను. తొట్టి కిందికి వచ్చినప్పుడల్లా "రా, ఏం కాదు!" అని మా ఆవిడ చెయ్యి ఊపుతుంది. నేను సంచుల మీంచి తల అడ్డంగా ఊపుతాను. ఊపుతూనే నాకు నవ్వొస్తుంది. 'నాకు భయం' అనే ఇంత తేలికైన మాట ఆ రోజు ఒకమ్మాయి కింద బెంచీ మీద కూర్చుని తల ఊపి చెబితే, పైనుంచి ఈల వేశాను.